‘కడుపు నొప్పి’ అంటే నమ్మరేం?

బడికి వెళ్లే పిల్ల పొద్దున్నే లేచి ‘అమ్మా, కడుపు నొప్పిగా ఉందే’ అంటే మనలో ఎంతమందిమి వెంటనే నమ్ముతాం? నిజం చెప్పాలంటే నేను నమ్మలేదు. ‘హోంవర్క్ చెయ్యలేదు కదూ?’ అన్నాను. వాము నీళ్లు తాగించి, జడలు వేసి, ఆటో ఎక్కించి పంపించాను. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ నాకు మనసు చివుక్కుమంటుంది. అందుకే ఈ నాలుగు ముక్కలూ రాయాలనిపించింది. నాలాంటి తల్లులు ఊరూరా ఉంటారు. నేను ఎనిమిది నెలలు తిరిగి తెలుసుకున్నది వాళ్లకి ఎనిమిది రోజుల్లో తెలిస్తే అంతకంటే కావలసిందేముంది?

మాది పశ్చిమగోదావరి జిల్లాలో ఒక చిన్న పట్టణం. మావారు రైస్ మిల్లులో లెక్కలు రాస్తారు. నేను ఇంటి దగ్గర పిల్లలకి ట్యూషన్లు చెబుతాను. ఇంట్లో మేమిద్దరం, మా అత్తయ్యగారు, తొమ్మిదేళ్ల పాప, నాలుగేళ్ల బాబు. 2022 జూలైలో బళ్లు తెరిచిన కొత్తలో పాపకి ఈ నొప్పి మొదలైంది. బొడ్డుకి కుడిపక్కన, కాస్త కిందగా చెయ్యి పెట్టి ‘ఇక్కడమ్మా’ అనేది. రెండు రోజులుండి తగ్గిపోయేది. పది రోజులకి మళ్లీ వచ్చేది. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడేది. పొద్దున్నకి చల్లబడేది. అన్నం రెండు ముద్దలు తిని కంచం పక్కకి నెట్టేది.

ఎవరికి తోచింది వాళ్లు చెప్పారు. అత్తయ్యగారు దిష్టి తగిలిందని ఎర్రనీళ్లు తిప్పి పోశారు. పక్కింటి పిన్నిగారు పాములున్నాయేమో మందు వెయ్యమన్నారు, వేశాం. మా అమ్మ ఫోన్‌లో ‘ఆ బజ్జీల బండి దగ్గర తిండి మానిపించవే’ అంది, మానిపించాను. మావారు మాత్రం ‘బడి ఎగ్గొట్టడానికి నాటకాలు’ అని తేల్చేశారు. దసరా సెలవుల్లో కూడా నొప్పి వచ్చిందన్న సంగతి అప్పుడు మా ఇద్దరికీ తట్టనే లేదు. సెలవుల్లో ఎగ్గొట్టడానికి బడే లేదు కదా!

ఇక డాక్టర్ల దగ్గరికి వద్దాం. మొదట మా వీధి చివర డాక్టరు. వేలి నుంచి రక్తం తీయించి, ‘వైడాల్ పాజిటివ్ అమ్మా, టైఫాయిడ్’ అన్నారు. వారం రోజులు ఇంజెక్షన్లు. జ్వరం తగ్గింది, నొప్పీ తగ్గింది. హమ్మయ్య అనుకున్నాం. నెల తిరక్కుండా మళ్లీ వచ్చింది. ఈసారి ఇంకో డాక్టరు, ఇంకో ల్యాబు. మళ్లీ ‘టైఫాయిడ్’. డిసెంబరులో మూడోసారీ అదే మాట. ‘టైఫాయిడ్ తిరగబెట్టింది, పథ్యం సరిగ్గా చేయించినట్టు లేవు’ అని నాకే చీవాట్లు. బియ్యపు జావ, బ్రెడ్డు, పాలు... పిల్ల ఇంకా చిక్కిపోయింది. కూరలు, పప్పు, గుడ్డు అన్నీ మానిపించింది నేనే.

మన ఊళ్లలో ఈ వైడాల్ పరీక్ష చేయించుకోని ఇల్లు ఉంటుందంటారా? జ్వరం అనగానే ముందు రాసేది అదే. దీన్ని 1896లో ఫెర్నాండ్ విడాల్ అనే ఫ్రెంచి వైద్యుడు కనిపెట్టాడు. ఆయన పేరే మన నోళ్లలో వైడాల్ అయింది. ఈ పరీక్ష టైఫాయిడ్ క్రిమిని పట్టుకోదు. ఆ క్రిమి మీద మన ఒంట్లో తయారైన ప్రతిరక్షకాలను మాత్రమే చూపిస్తుంది. మనలాంటి దేశంలో, తాగే నీటికే గ్యారంటీ లేని చోట, ఎప్పుడో వచ్చిపోయిన ఇన్ఫెక్షన్ వల్ల కూడా అవి రక్తంలో ఉండిపోవచ్చు. వేరే జ్వరాలకీ ఒక్కోసారి పాజిటివ్ రావచ్చు. కాబట్టి ఒక్కసారి చేసిన వైడాల్ చూసి టైఫాయిడ్ అని ఖాయం చెయ్యడం సరికాదు. టైఫాయిడ్‌ని నిర్ధారించాలంటే యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే, వీలైతే జ్వరం వచ్చిన మొదటి వారంలోనే, రక్తం తీసి కల్చర్‌కి పంపాలి. దానికి రెండు మూడు రోజులో అంతకన్నా ఎక్కువో పడుతుంది. మనకేమో ఓపిక ఉండదు. సాయంత్రానికి జబ్బు పేరు చెప్పాలి, రాత్రికి సెలైన్ ఎక్కాలి. అలా చెయ్యని డాక్టరుని ‘ఆయనకేం తెలీదు’ అని మానేస్తాం. తప్పు ఒక్క వాళ్లదే అనను, మనదీ ఉంది.

జనవరిలో సంక్రాంతి ముందు నొప్పి తట్టుకోలేక పిల్ల మెలికలు తిరిగిపోయింది. దగ్గరలో ఉన్న పెద్ద ఊరికి తీసుకెళ్లాం. పొట్ట స్కానింగ్ చేసి ‘అపెండిక్స్ కావచ్చు, ఆపరేషన్‌కి సిద్ధపడండి’ అన్నారు. రాత్రికి రాత్రి డబ్బు కట్టమన్నారు. నా గొలుసు అప్పుడే తాకట్టుకి వెళ్లింది. తెల్లారేసరికి నొప్పి తగ్గింది. ‘అపెండిక్స్ మామూలుగానే ఉంది. పొట్టలో బిళ్లలున్నాయి, పిల్లల్లో ఇవి మామూలే’ అని ఇంకో డాక్టరు చెప్పి పంపించేశారు. ఆ బిళ్లలేమిటో, ఎందుకొచ్చాయో, మళ్లీ ఎప్పుడు రావాలో ఎవరూ చెప్పలేదు. అడిగే ధైర్యం మాకు లేకపోయింది. అడిగితే విసుక్కుంటారేమోనని భయం. మనం డబ్బు కట్టి మరీ భయపడతాం చూశారా!

ఇంటికొచ్చాక ఒకరోజు కిందటేడాది యూనిఫాం బీరువాలోంచి తీసి పాపకి తొడిగాను. ఏడాది పెరిగిన పిల్లకి అది బిగుతుగా ఉండాలి కదా? లంగా నడుము దగ్గర జారిపోయింది. గుండె ఝల్లుమంది. మందుల షాపులో తూకం వేయిస్తే ఇరవై ఒకటిన్నర కేజీలు. ఆరునెలల కిందటి చీటీ వెతికితే దాని మీద ఇరవై నాలుగు అని ఉంది. ఆ రోజుకి నాకు ఒక సంగతి గట్టిగా అర్థమైంది. ఇది బడి నాటకం కాదు, బజ్జీల బండి కాదు, దిష్టి అంతకన్నా కాదు.

ఆ రాత్రి ట్యూషన్ పిల్లలు వదిలేసిన నోటుబుక్కు ఒకటి తీసుకుని గీతలు కొట్టాను. తేదీ, నొప్పి ఎక్కడ, ఎంతసేపు, నిద్రలో లేచిందా, విరోచనం ఎలా అయింది, పొద్దున జ్వరమెంత, సాయంత్రం ఎంత. నూటపాతిక రూపాయలు పెట్టి థర్మామీటర్ కొన్నాను. అంతవరకూ నేను చేత్తో నుదురు ముట్టుకుని ‘వెచ్చగా ఉంది’ అనేదాన్ని. డాక్టరు ‘ఎంతుంది?’ అంటే నీళ్లు నమిలేదాన్ని. పదిహేను రోజులు రాసేసరికి లెక్క కళ్లకి కట్టినట్టు కనిపించింది. ఆదివారాలు కూడా నొప్పి ఉంది. వారంలో రెండుసార్లు రాత్రి నిద్రలోంచి లేస్తోంది. సాయంత్రాలు నూరు, నూటొకటి డిగ్రీలు. నోటుబుక్కు చూశాక మావారు కూడా ఇంకేం మాట్లాడలేదు. మర్నాడే సెలవు పెట్టారు.

ఈసారి మేం వెళ్లింది ప్రభుత్వాసుపత్రికి. డబ్బులైపోయి వెళ్లామే తప్ప నమ్మకంతో కాదు, ఉన్నమాట చెప్పాలి. మధ్యాహ్నం పన్నెండున్నరకి మా వంతు వచ్చింది. పిల్లల డాక్టరమ్మ యాభై దాటినావిడ. నా నోటుబుక్కు తీసుకుని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివారు. ‘ఇది నువ్వే రాశావామ్మా?’ అన్నారు. తర్వాత పాప మెడ, చంకలు, పొట్ట నొక్కి చూశారు. బరువు, ఎత్తు కొలిపించి పట్టిక మీద చుక్క పెట్టారు. అప్పుడు అడిగారు, ‘ఇంట్లో దగ్గేవాళ్లు ఎవరైనా ఉన్నారా?’ అని.

ఎనిమిది నెలల్లో ఇంతమంది డాక్టర్ల దగ్గరికి తిరిగితే, ఈ ప్రశ్న అడిగినావిడ ఈమె ఒక్కతే. నేను ‘ఎవరూ లేరండీ’ అనబోయాను. మావారు నా వంక చూశారు. ఇద్దరికీ ఒక్కసారే గుర్తొచ్చింది. అత్తయ్యగారు!

ఆవిడ దగ్గు మాకు గోడ గడియారం చప్పుడులాంటిదైపోయింది. ఉందన్న సంగతే మర్చిపోయాం. కిందటేడాది నుంచి దగ్గుతున్నారు. ‘పొయ్యి పొగ పీల్చిన ఒళ్లు, నాకిది మామూలేనే’ అనేవారు. మందుల షాపు నుంచి సిరప్ తెచ్చుకుని రెండు మూతలు తాగేవారు. పాప ఆవిడ పక్కలోనే పడుకునేది. రోజూ ఆవిడ చేతి ముద్దలే తినేది.

తర్వాతి పది రోజుల్లో జరిగినవి క్లుప్తంగా చెబుతాను. పాప చేతికి మాంటూ పరీక్ష చేశారు. ముంజేతి మీద చిన్న సూది వేసి, రెండు మూడు రోజులకి వాపు కొలిచి చూస్తారు. అది గట్టిగా ఉబ్బింది. అది ఉబ్బినంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు, క్రిమి ఒంట్లోకి వెళ్లిందని మాత్రమే అర్థమని డాక్టరమ్మ ముందే చెప్పారు. మళ్లీ స్కానింగ్ చేస్తే పేగుల దగ్గర లింఫ్ గ్రంథులు పెద్దవై ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. జనవరిలో ‘మామూలే’ అన్న బిళ్లలు ఇవే. పిల్లల పొట్టలో చిన్న చిన్న బిళ్లలు కనిపించడం నిజంగానే మామూలు. కానీ పెద్దవై, గుత్తుల్లా అతుక్కుని, పైగా జ్వరం, బరువు తగ్గడం కూడా ఉంటే అది మామూలు కాదు. స్కానింగ్‌లో చూస్తూ సన్నసూదితో అందులోంచి కొంచెం తీసి సీబీనాట్ అనే పరీక్షకి పంపారు. ఆ యంత్రం రెండు గంటల్లో టీబీ క్రిమి ఉందో లేదో చెబుతుంది. ముఖ్యమైన మందు రిఫాంపిసిన్‌కి ఆ క్రిమి లొంగుతుందో లేదో కూడా చెబుతుంది. పాపకి టీబీ ఉందని, మందుకి లొంగే రకమేనని తేలింది. అత్తయ్యగారి కళ్లెలోనూ అదే తేలింది.

పొట్టలో టీబీ! నేను అలాంటిది ఉంటుందనే అనుకోలేదు. టీబీ అంటే సినిమాల్లోలా రక్తం కక్కుతూ దగ్గడమేననుకున్నాను. రాబర్ట్ కాక్ ఈ క్రిమిని కనిపెట్టానని ప్రకటించింది 1882 మార్చి 24న. నూట నలభై ఏళ్లు దాటిపోయాయి. ప్రపంచంలోని టీబీ రోగుల్లో దాదాపు నాలుగోవంతు మన దేశంలోనే ఉన్నారు. అయినా ఆ క్రిమి ఊపిరితిత్తులకే కాదు, లింఫ్ గ్రంథులకి, పేగులకి, వెన్నెముకకి, మెదడు పొరలకి కూడా చేరుతుందని చదువుకున్న నాకే తెలియదు. గాలి ద్వారా ఊపిరితిత్తుల్లోకి వెళ్లిన క్రిమి అక్కడి నుంచి రక్తంలో కలిసో, మింగిన కళ్లెతోనో పేగుల దాకా వెళ్తుంది. పుట్టగానే వేయించే బీసీజీ టీకా పసివాళ్లని ప్రాణాంతకమైన టీబీ రకాల నుంచి కాపాడుతుంది. అంతేగానీ ఆ టీకా వేయించాం కాబట్టి జన్మలో టీబీ రాదనుకోవడం పొరపాటు.

మరి మధ్యలో టైఫాయిడ్ మందులకి జ్వరం ఎందుకు తగ్గిందంటారా? నేనూ అదే అడిగాను. ఈ జబ్బులో నొప్పి, జ్వరం దానంతటదే కొన్నాళ్లు తగ్గి మళ్లీ వస్తుందట. పైగా మనకి విరివిగా రాసే కొన్ని యాంటీబయాటిక్‌లు టీబీ క్రిమిని చంపవు గానీ కొన్నాళ్లు నొక్కిపెడతాయి. జబ్బు తగ్గిందని మనం సంతోషిస్తాం, అది లోపల ముదురుతుంది. జబ్బు పేరు తెలియకుండా మందు వాడితే జరిగేది ఇదే.

అలాగని పిల్లలకి కడుపు నొప్పి రాగానే టీబీ అని కంగారు పడమని నేను అనడం లేదు. 1950లలో జాన్ ఆప్లీ అనే పిల్లల వైద్యుడు ఇంగ్లండులోని బ్రిస్టల్ ప్రాంతంలో బడిపిల్లల్ని పరిశీలించారు. దాదాపు పదిమందిలో ఒకరికి ఇలా వచ్చిపోయే కడుపునొప్పి ఉందని తేలింది. వాళ్లలో ఎక్కువమందికి వెతికినా ఏ జబ్బూ దొరకలేదు. అలాంటి పిల్లలది కూడా నాటకం కాదు. నొప్పి నిజంగానే ఉంటుంది. మలబద్ధకం వల్ల రావచ్చు, పరీక్షల భయం వల్ల రావచ్చు, అమ్మానాన్నల గొడవల వల్ల రావచ్చు. ఇక మన ఆడపిల్లల సంగతి చూడండి. బళ్లో మరుగుదొడ్డి బాగుండదని పొద్దున్నుంచి సాయంత్రం దాకా మంచినీళ్లు తాగరు, బిగబట్టుకుని కూర్చుంటారు. దాంతో మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తుంది. కడుపునొప్పి, జ్వరం రెండూ వస్తాయి. సులువైన మూత్ర పరీక్షతో తెలిసిపోతుంది. మా పాపకి ఆ పరీక్ష కూడా డాక్టరమ్మ చెప్పేదాకా ఎవరూ చేయించలేదు. టైఫాయిడ్ పరీక్ష మాత్రం మూడుసార్లు చేశారు!

అయితే ఏది మామూలు నొప్పి, ఏది కాదు? డాక్టరమ్మ నాకు చెప్పింది మీకు చెబుతాను. నొప్పి బొడ్డు దగ్గర కాకుండా దూరంగా, ఎప్పుడూ ఒకే చోట వస్తుంటే, నిద్రలోంచి లేపేస్తుంటే, బరువు తగ్గుతున్నా ఎత్తు పెరగకపోయినా, జ్వరం మళ్లీ మళ్లీ వస్తున్నా, విరోచనంలో రక్తం పడుతున్నా, వాంతులు ఆగకపోయినా, కీళ్లు నొప్పులున్నా, ఇంట్లో ఎవరికైనా టీబీ ఉన్నా ఊరుకోకూడదు. వీటిలో ఏ ఒక్కటున్నా కారణం దొరికేదాకా వెతకాల్సిందే. మా పాపకి వీటిలో అయిదు ఉన్నాయి. ఎవరూ కలిపి చూడలేదు. చూడటానికి అన్నీ ఒకచోట ఉంటేగా? ప్రతి డాక్టరు దగ్గరా కొత్త చీటీ, పాత చీటీ ఏ డబ్బాలోనో. నెలనెలా బరువు ఒక కాగితం మీద రాసి ఉంటే మా పాపకి నాలుగు నెలల నొప్పి తప్పేది.

ఇక అసలు కష్టం మందులు మొదలయ్యాక వచ్చింది. ‘టీబీ అని ఎవరికీ చెప్పకండి, ఆడపిల్ల, రేపు పెళ్లి చెయ్యాలి’ అంది మా ఆడపడుచు. తొమ్మిదేళ్ల పిల్లకి పెళ్లి గొడవ! నేను ట్యూషన్ పిల్లల తల్లులకి దాచకుండా చెప్పాను. పేగుల్లో టీబీ ఒకరి నుంచి ఒకరికి అంటదని, దగ్గు ఉన్నావిడకి మందులు మొదలుపెట్టామని, కొన్నాళ్లు పిల్లల్ని పంపకపోయినా ఏమీ అనుకోనని చెప్పాను. పద్నాలుగు మందిలో తొమ్మిదిమంది మానేశారు. నిజం చెబితే మనకి దొరికేది ఇదా అని ఆ రాత్రి ఏడ్చాను. అయినా మళ్లీ ఆ పరిస్థితి వచ్చినా చెబుతాననే అంటాను. మా అత్తయ్యగారు ఏడాదిపాటు దాచినందుకేగా ఇదంతా?

అవును, ఆవిడ మీద నాకు కోపం వచ్చింది. మందులు మొదలైన మొదటి వారం సరిగ్గా మాట్లాడలేదు కూడా. ఒకరోజు మధ్యాహ్నం ఆవిడ వరండాలో ఒక్కరే, మూతికి గుడ్డ కట్టుకుని, కంచం విడిగా పెట్టుకుని తింటున్నారు. ‘నా వల్లే కదే పిల్లకి’ అన్నారు. ‘మరి అన్నాళ్లు ఎందుకు చెప్పలేదత్తయ్యా?’ అన్నాను. ‘చెప్పానే. అబ్బాయితో రెండుసార్లు అన్నాను. పిల్ల ఫీజు కట్టాలి, తర్వాత చూద్దామన్నాడు. నువ్వు తేనె నాకమన్నావు’ అన్నారు.

నాకు నోట మాట రాలేదు. పాప ‘కడుపు నొప్పి’ అంటే నేను హోంవర్క్ అన్నాను. ఆవిడ ‘దగ్గు’ అంటే తేనె అన్నాను. ఒక ఇంట్లో చిన్నపిల్ల మాటా, ముసలావిడ మాటా ఒకలాగే గాలికి పోయాయి. నన్ను డాక్టర్లు విననట్టే, నేను వాళ్లని వినలేదు.

ఆడవాళ్ల జబ్బుకి మన ఇళ్లలో ఎప్పుడూ చివరి వరసే. ముందు పిల్లల ఫీజులు, తర్వాత మగవాళ్ల బీపీ మందులు, తర్వాత పండగ ఖర్చులు, ఇవన్నీ అయ్యాక మిగిలితే మనం. మనమే అలా అలవాటు చేశాం. ‘నాకేం పర్వాలేదు’ అనడం గొప్ప గుణమనుకుంటాం. రెండు వారాలు దాటిన దగ్గు ఎవరికున్నా కళ్లె పరీక్ష చేయించాలని ప్రభుత్వం ఏళ్ల తరబడి చెబుతూనే ఉంది. ఆ పరీక్ష ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. ఆ ఉచిత పరీక్ష అప్పుడే చేయించి ఉంటే మాకు అరవై వేల ఖర్చు, పిల్లకి ఎనిమిది నెలల బాధ తప్పేవి. ‘నాకేం పర్వాలేదు’ అన్నమాట ఖరీదు అది.

మందులు ఆరునెలలు. మొదటి రెండు నెలలు నాలుగు రకాల మందు కలిసిన బిళ్లలు, తర్వాత నాలుగు నెలలు మూడు రకాలవి. పిల్ల బరువుని బట్టి లెక్క. అన్నీ ఉచితమే. మూత్రం నారింజరంగులో వస్తుంది, భయపడొద్దని ముందే చెప్పారు. చెప్పకపోతే హడలి చచ్చేదాన్ని. కళ్లు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా, చూపు మసకబారినా వెంటనే రమ్మన్నారు. బాబుకి పరీక్షలు చేసి, జబ్బు లేదని తేలాక, రాకుండా ఉండటానికి మందు ఇచ్చారు. మా ఇద్దరికీ ఎక్స్‌రేలు తీశారు. టీబీ రోగులకి తిండి కోసం ప్రభుత్వం నెలకి ఇచ్చే డబ్బు అప్పట్లో రూ.500. 2024 నవంబరు నుంచి దాన్ని రూ.1000 చేశారు. మాకు వచ్చిన డబ్బు గుడ్లకీ, పప్పుకీ సరిపోయింది. రెండో నెలకే పాప ‘అమ్మా, ఇంకో ముద్ద’ అంది. ఆ మాట కోసం ఎంతకాలం ఎదురుచూశానో!

మూడో నెలలో మందులు మానేద్దామా అన్న ఆలోచన కూడా వచ్చింది. పిల్ల ఎగిరి గంతులేస్తోంది, ఇంకా ఈ బిళ్లలెందుకు అన్నారు మావారు. అక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. బాగున్నామని మధ్యలో మానేస్తే క్రిమి మొండిబారి, మామూలు మందులకి లొంగని రకం తయారవుతుంది. అత్తయ్యగారే పట్టుబట్టారు. పొద్దున్నే పాపని పక్కన కూర్చోబెట్టుకుని, ‘నువ్వు మింగు, నేనూ మింగుతా’ అని ఇద్దరూ పోటీపడి వేసుకునేవారు. కాలెండర్ మీద పాప టిక్కు పెట్టేది.

డాక్టర్లని ఆడిపోసుకోవడానికి ఇదంతా రాయలేదు. మా పాపని బాగుచేసిందీ డాక్టరే. అయితే వాళ్లకి ఒక్క మనవి. తల్లి చెప్పే మాట ల్యాబ్ కాగితం అంత విలువైనదని గుర్తించండి. ‘నీకేం తెలుసమ్మా’ అనకండి. ఆ పిల్ల రాత్రి ఎన్నిసార్లు లేచిందో తెలిసింది ఆవిడకే. ఇక మనం. పరీక్ష రాసినప్పుడు ‘ఇది దేనికోసమండీ? దీనిలో ఏమీ లేకపోతే తర్వాత ఏం చూస్తారు?’ అని అడగడం నేర్చుకుందాం. విసుక్కుంటే విసుక్కోనివ్వండి. డాక్టర్లు మారినా కాగితాలు మాత్రం ఒకే ఫైల్లో ఉంచుదాం. పిల్లని మధ్యలో ఉంచి ‘నీ పెంపకం’, ‘మీ వాళ్ల దిష్టి’ అని తగువులాడుకోవడం మానేద్దాం. ఎవరి వల్ల వచ్చిందని వెతికితే ఇల్లు విరిగిపోతుంది. ఎవరెవరికి వైద్యం చేయించాలని వెతికితే ఇల్లు నిలబడుతుంది. మా ఇంట్లో నేను కళ్లారా చూశాను.

మానేసిన తొమ్మిదిమంది ట్యూషన్ పిల్లల్లో ఆరుగురు తిరిగొచ్చారు. వాళ్లలో ఒకమ్మాయి తల్లి మొన్న గుమ్మంలో నిలబడి, గొంతు తగ్గించి, ‘మా అత్తగారు నెల్లాళ్లుగా దగ్గుతున్నారండీ, ఆ పరీక్ష ఎక్కడ చేస్తారు?’ అని అడిగింది. గొంతు తగ్గించాల్సిన పనేమీ లేదని చెప్పి, మర్నాడు నేనే వాళ్లని వెంటబెట్టుకుని వెళ్లాను.

మీరు కూడా ఈ రాత్రి టీవీ కట్టేశాక ఒక్క నిమిషం ఆగి వినండి. మీ ఇంట్లో ఎవరైనా దగ్గుతున్నారేమో.